పై పొర సంరక్షణ: చర్మం, వస్త్రం, వంటపాత్ర

చర్మ సంరక్షణను, చిరిగిన బట్టల మరమ్మతును, వంటపాత్రల వాడకాన్ని ఒకే ప్రసంగంలో చేర్చడం మొదట వింతగా తోచవచ్చు గాని, ఈ మూడింటిలోనూ నష్టం మొదలయ్యే చోటు ఒక్కటే, అది పై పొర. మనిషి శరీరంలోని తేమను నిలిపి ఉంచేది వెంట్రుక మందం కూడా లేని ఒక పలుచని పొర. ఇనుప పెనం మీద నూనె కాగి గట్టిపడిన నల్లని పొర, ఇత్తడి గిన్నె లోపలి తగరపు పూత, స్టీలు పాత్రను తుప్పు నుంచి కాపాడే కంటికి కనిపించని ఆక్సైడు, ఇవన్నీ అటువంటి పొరలే. వస్త్రానికి వేరే పొర లేకపోయినా, పడుగు పేకల అల్లిక బిగువే దానికి రక్షణ. శుభ్రత పేరుతోనో, త్వరగా ఫలితం కనిపించాలన్న ఆత్రంతోనో ఈ పొరను గీకివేసి, ఆ తరువాత వచ్చిన ఇబ్బందికి మరొక వస్తువు కొనడం ఇళ్లలో తరచుగా జరిగే పొరపాటు. ఒక సబ్బునుగాని, సూదీ దారాన్నిగాని, గిన్నెనుగాని ఎంచుకునే ముందు ఆ పొర దేనితో ఏర్పడిందో, దేనికి కరుగుతుందో, పోతే తిరిగి వస్తుందో రాదో తెలుసుకుంటే, ఎంపికలో సగం చిక్కు విడిపోతుంది.

ముందుగా చర్మం సంగతి. అన్నిటికంటే పైనుండే భాగాన్ని వైద్యశాస్త్రంలో స్ట్రాటమ్ కార్నియమ్ అంటారు. కెరటిన్ అనే ప్రోటీనుతో నిండిన ప్రాణం లేని చదునైన కణాలు, పెంకుటింటి కప్పు మీది పెంకుల మాదిరిగా, పదిహేను ఇరవై వరుసలుగా ఒకదానిపై ఒకటి అమరి ఈ పొర ఏర్పడుతుంది. ఆ కణాల సందులను సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు అనే కొవ్వు పదార్థాలు పూడ్చి, లోపలి తేమ ఆవిరైపోకుండా, బయటి సూక్ష్మజీవులు లోపలికి చొరబడకుండా అడ్డుకుంటాయి. అడుగున పుట్టిన కణం క్రమంగా పైకి చేరి రాలిపోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది కనుక, రెండు మూడు రోజుల్లో చర్మం మారిపోతుందని చెప్పే ఏ ప్రకటననైనా అనుమానించవలసిందే.

ఈ పొరకు కొద్దిపాటి ఆమ్లగుణం సహజం. ఆమ్ల క్షారాలను కొలిచే పీహెచ్ అనే కొలమానంలో 7 తటస్థ స్థానం, అంతకు తక్కువైనది ఆమ్లం, ఎక్కువైనది క్షారం. ఆరోగ్యవంతమైన చర్మపు ఉపరితలం 5కు అటూ ఇటూగా ఉంటే, నూనెను క్షారంతో కలిపి తయారుచేసే మామూలు సబ్బు నురుగు 9 నుంచి 10 వరకు ఉంటుంది. అందువల్ల సబ్బు మురికితో పాటు సందుల్లోని కొవ్వును కూడా కొంత తీసుకుపోతుంది. స్నానం తరువాత చర్మం బిగుసుకుపోయినట్లు అనిపించడం శుభ్రతకు గుర్తు అని చాలామంది భావిస్తారు గాని, అది పై పొర పలుచబడిందనడానికి గుర్తు. సబ్బు పొట్లం మీద టీఎఫ్ఎం అని కనిపించే అంకె, ఆ సబ్బులో కొవ్వు పదార్థం మొత్తం ఎంత శాతం ఉందో చెబుతుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం మొదటి శ్రేణి స్నానపు సబ్బులో అది 76 శాతానికి తగ్గకూడదు. బేతింగ్ బార్ అని ముద్రించిన వాటిలో అంతకంటే చాలా తక్కువ ఉన్నా సరిపోతుంది. అయితే టీఎఫ్ఎం ఎక్కువైనంత మాత్రాన సబ్బు క్షారగుణం పోదు. పొడిచర్మం ఉన్నవారు, గజ్జి, తామర వంటి వ్యాధులు లేకపోయినా చర్మం తరచూ పగిలి దురద పెట్టేవారు, సబ్బును చంకలకు, గజ్జలకు, పాదాలకు పరిమితం చేసి, మిగిలిన ఒంటికి గోరువెచ్చని నీటితో సరిపెట్టుకోవడం మేలు.

తెలుగు ఇళ్లలో భోగినాడు, దీపావళినాడు జరిగే తలంటులో ముందు నువ్వుల నూనె పట్టించి, ఆ తరువాత సున్నిపిండితో నలుగు పెట్టి, కుంకుడు రసంతో తల రుద్దే క్రమంలో ఒక యుక్తి ఉంది. ముందుగా పట్టిన నూనె పై పొర మీద నిలిచి, రాపిడి దెబ్బను తానే భరిస్తుంది. పెసరపిండి, సెనగపిండి క్షారంతో కాక, అదనపు నూనెను పీల్చుకోవడం ద్వారా శుభ్రపరుస్తాయి. కుంకుడులోను, సీకాయలోను నురుగు రావడానికి కారణం సాపోనిన్లనే సహజ పదార్థాలు. అయినా సహజమైనదంతా మృదువైనదని చెప్పడానికి వీలులేదు. బరకగా విసిరిన సున్నిపిండి మొటిమల మీద రుద్దితే పుండ్లు పడతాయి, కుంకుడు రసం కంటిలో పడితే మంట, ఎరుపు తప్పవు, కొబ్బరినూనె మొటిమల ముఖానికి సరిపడదు. ముఖం నిగారిస్తుందని నిమ్మరసం పూసుకోవడం మరీ ప్రమాదకరం. దాని పీహెచ్ 2 దగ్గర ఉంటుంది. పైగా నిమ్మజాతి పండ్లలోని కొన్ని పదార్థాలు ఎండ తగిలినప్పుడు చర్మాన్ని కాల్చినట్లు కమిలించి, వారాల తరబడి పోని నల్లమచ్చలను మిగులుస్తాయి. ఇక వంటసోడా క్షారం కనుక, ముఖానికి పూస్తే అది సబ్బు చేసే నష్టాన్నే చేస్తుంది.

పై పొరను నిలబెట్టే పనిలో ఖరీదుకు పాత్ర తక్కువ. స్నానం చేసి తుడుచుకున్న కొద్ది నిమిషాల్లో, ఒంటి మీద చెమ్మ ఇంకా ఉండగానే పెట్రోలియం జెల్లీనో, సువాసన కలపని మామూలు తేమలేపనాన్నో రాసుకుంటే నీరు ఆవిరి కాకుండా నిలుస్తుంది. చలికాలపు పొడిగాలి వీచే తెలంగాణ, రాయలసీమ ప్రాంతాల్లో ఈ అవసరం ఎక్కువ, ఉక్కపోత వీడని కోస్తాలో జిడ్డులేని పలుచని లేపనమే చాలు. ఎండ నుంచి రక్షించే లేపనాల మీద ఎస్‌పీఎఫ్ అనే అంకె అతినీలలోహిత కిరణాల్లో చర్మాన్ని కందజేసే బి రకాన్ని ఎంతవరకు అడ్డుకుంటుందో సూచిస్తే, పీఏ పక్కనుండే కూడిక గుర్తులు లోతుకు చొచ్చుకుపోయి ముడతలు, మచ్చలు తెచ్చే ఎ రకం నుంచి రక్షణను సూచిస్తాయి. ఎస్‌పీఎఫ్ 30 సుమారు 97 శాతం బి కిరణాలను ఆపితే, 50 సుమారు 98 శాతం ఆపుతుంది. అంటే పెద్ద అంకె కోసం పెట్టే అదనపు ఖర్చు కంటే, తగినంత పరిమాణంలో పూసుకుని, ఆరుబయట పనిచేసేటప్పుడు రెండు గంటలకొకసారి మళ్లీ పూసుకోవడమే ముఖ్యం. గొడుగు, తలగుడ్డ, పొడుగు చేతుల నూలుచొక్కా కూడా ఇదే పని చేస్తాయి.

ఎంపికలో అసలైన ప్రమాదం రంగు తెల్లబరుస్తామనే లేపనాల దగ్గర ఉంది. బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ వంటి స్టెరాయిడ్లు, అంటే వాపును, దురదను వేగంగా అణచే మందులు, కలిసిన లేపనాలను వైద్యుని సలహా లేకుండా నెలల తరబడి ముఖానికి పూస్తే చర్మం పలుచబడి, సన్నని రక్తనాళాలు ఎర్రగా తేలి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. మానివేయగానే మంట, ఎరుపు తిరగబెట్టడంతో వాడినవారు మళ్లీ దానినే ఆశ్రయిస్తారు. తామరకు ఇటువంటి మిశ్రమాలు పూస్తే దురద తగ్గినట్లే తగ్గి, శిలీంధ్రం మరింత విస్తరిస్తుంది. ఈ కారణాల వల్లనే 2018లో కేంద్ర ప్రభుత్వం పలు స్టెరాయిడ్ లేపనాలను షెడ్యూల్ హెచ్ జాబితాలో, అనగా వైద్యుని చీటీ లేనిదే అమ్మరాని మందుల పట్టికలో చేర్చింది. పాదరసం కలిసిన తెలుపు లేపనాలు మూత్రపిండాలకు హాని చేస్తాయి, అందుకే పాదరసం వాడకాన్ని అరికట్టే అంతర్జాతీయ మినమాటా ఒప్పందం వాటికి అడ్డుకట్ట వేసింది. తయారీదారు పేరు, పదార్థాల జాబితా లేని డబ్బీని కొనకపోవడమే ఇక్కడ తగిన జాగ్రత్త. జిగురు బొట్టుబిళ్లల్లో వాడే కొన్ని రసాయనాల వల్ల నుదుట తెల్లమచ్చ ఏర్పడటం, జుట్టు రంగులోని పీపీడీ అనే పదార్థం పడక ముఖం వాయడం చర్మవైద్యులకు తెలిసిన విషయాలే. కొత్త లేపనాన్నో రంగునో ముందుగా మోచేతి మడతలో కొద్దిగా రాసి, రెండు రోజులు గమనించిన తరువాతే వాడుక మొదలుపెట్టాలి.

వస్త్రాల విషయానికి వస్తే, నిలువుగా సాగే పడుగు పోగులు, అడ్డంగా సాగే పేక పోగులు ఒకదానినొకటి పట్టి ఉంచడమే గుడ్డ బలం. ఒక పోగు తెగినప్పుడు దాని పక్కవాటి మీద భారం పడుతుంది కనుక, చిన్న చిరుగును ఉతకడానికి ముందే కుట్టాలి, ఉతికిన తరువాత కాదు. ఏ గుడ్డ దేనికి నీరసిస్తుందో తెలియడం కూడా అవసరం. నూలు తడిసినప్పుడు బలపడుతుంది, రేయాన్ తడిసినప్పుడు బలహీనపడుతుంది. అందుచేత రేయాన్ జాకెట్టును నూలు పంచెలాగా మెలితిప్పి పిండితే కుట్ల దగ్గర చీలుతుంది. పట్టు, ఉన్ని ప్రోటీనుతో ఏర్పడినవి, పైగా ఉన్నిలో ఉండేది చర్మంలోని కెరటినే. కనుక చర్మానికి పడని క్షారం వాటికీ పడదు, బట్టల సోడా, ఘాటైన సబ్బుపొడి వాటి మెరుపును, బలాన్ని హరిస్తాయి. పాలిస్టర్‌ను మరీ వేడి ఇస్త్రీపెట్టె కరిగిస్తుంది కాబట్టి, మిశ్రమ నూలుబట్టకు అందులోని బలహీనమైన పోగును దృష్టిలో పెట్టుకుని వేడి నిర్ణయించాలి.

చిరుగులన్నిటికీ ఒకే చికిత్స పనికిరాదు. కుట్టు మాత్రమే విడిపోయి గుడ్డ చెక్కుచెదరకుండా ఉంటే, విడిన చోటికి ఇరువైపులా ఒక అంగుళం పాత కుట్టు మీదుగానే కొత్త కుట్టు వేస్తే సరిపోతుంది. మేకుకు తగులుకుని చిన్న రంధ్రం పడితే, రఫూ అనే పద్ధతి తగినది. ఇందులో రంధ్రం అంచు దగ్గర కాక, దానికి కొంత దూరంలోని గట్టి గుడ్డ నుంచి మొదలుపెట్టి పడుగు దిశలో దగ్గర దగ్గరగా దారపు వరుసలు పరిచి, ఆ తరువాత సూదిని ఒక దారం పైనుంచి, మరొక దారం కిందినుంచి పోనిస్తూ పేకను నేస్తారు. అంటే మగ్గం మీద జరిగిన పనినే సూదితో తిరిగి చేయడం ఇది. దారాన్ని గట్టిగా లాగితే గుడ్డ ముడుచుకుంటుంది. రంగు కలవాలంటే ఆ బట్ట లోపలి మడతలోని పోగులనే పీకి వాడటం మేలు. ఈ విద్యలో ఉత్తరప్రదేశ్‌లోని నజీబాబాద్ రఫూగర్లు పేరుపొందినవారు, ఖరీదైన శాలువాలు, పట్టుబట్టల విషయంలో అటువంటి నిపుణుని వద్దకు వెళ్లడమే తెలివైన పని.

మోకాళ్ల దగ్గర, మోచేతుల దగ్గర గుడ్డ అరిగి పలుచబడినప్పుడు మాసిక వేయాలి. మాసిక కోసం ఎంచుకునే ముక్క అసలు గుడ్డకంటే మందంగా ఉండకూడదు, ఉంటే దాని అంచు వెంబడే కొత్త చిరుగు పుడుతుంది. కొత్త నూలుగుడ్డ ఉతికితే కుంచించుకుపోతుంది కనుక ముక్కను ముందుగా ఉతికి ఆరబెట్టి, దాని పడుగు అసలు గుడ్డ పడుగుతో ఒకే దిశలో సాగేలా అమర్చి, మూలలను గుండ్రంగా కత్తిరించి, లోపలివైపు కచ్చాకుట్టుతో నిలిపి, అప్పుడు అంచులు కుట్టాలి. గుండీ కుట్టేటప్పుడు దానికీ గుడ్డకూ మధ్య కొద్ది ఎడం ఉంచి, చివర ఆ ఎడంలో దారాన్ని చుట్టి బిగిస్తే, కాజా మందానికి చోటు దొరికి గుండీ తెగకుండా నిలుస్తుంది.

చీరల విషయంలో మరి రెండు మూడు మెళకువలు అవసరం. గద్వాల చీరలో నూలు మధ్యభాగాన్ని, పట్టు అంచును కుప్పడం అనే పద్ధతిలో పేకతో పేకను కలిపి నేస్తారు. రెండు రకాల పోగులు కలిసే ఆ గీత వద్ద, ఉతికినప్పుడు నూలు ఒకలాగా, పట్టు ఒకలాగా స్పందించడం వల్ల ఒత్తిడి ఎక్కువ, కనుక పిండేటప్పుడు అంచును పట్టి లాగకూడదు. జరీ చీరను ఒకే మడతలో సంవత్సరాల తరబడి ఉంచితే ఆ గీత వెంబడి చీలుతుంది, అందుచేత ఏడాదికి రెండు మూడుసార్లు మడతలు మార్చి, నాఫ్తలీన్ గోళీలు, అత్తరు తగలకుండా ఉతికిన నూలుగుడ్డలో చుట్టి పెట్టాలి. పసుపు మరక మీద సబ్బు రుద్దగానే ఎర్రబడటం చూసి గృహిణులు కంగారుపడతారు. పసుపులోని కర్‌క్యుమిన్ అనే పదార్థం క్షారం తగలగానే ఎరుపెక్కుతుంది, పారాణికి సున్నం కలిపి ఎరుపు తెచ్చేదీ ఈ గుణంతోనే. ఆ మరకను బలంగా రుద్దనవసరం లేదు, ఉతికి ఎండలో ఆరవేస్తే కర్‌క్యుమిన్ వెలుతురుకే క్రమంగా విరిగిపోతుంది. మాసికకు కూడా లొంగనంతగా అరిగిన నూలుచీరలను పొరలు పొరలుగా పరిచి బొంత కుట్టడం తెలుగు పల్లెల్లో ఎరిగిన పద్ధతే. అక్కడ బలహీనమైన గుడ్డలు అనేకం కలిసి, దగ్గరి కుట్ల మూలంగా, ఒక గట్టి గుడ్డ పని చేస్తాయి.

మూడవది వంటపాత్ర. ఇనుప పెనం, మూకుడు విషయంలో రక్షణ పొరను వాడేవారే తయారుచేసుకోవాలి. కడిగి, పొయ్యి మీద పూర్తిగా ఆరబెట్టి, పలుచగా నూనె పూసి, పొగ వచ్చేదాకా కాచి చల్లార్చడాన్ని నాలుగైదుసార్లు చేస్తే, నూనె అణువులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని గట్టి పొరగా మారతాయి. అట్లు అంటకుండా లేచిరావడం ఈ పొర మహిమే. చింతపండు పులుసు దీనిని కరిగిస్తుంది, ఇనుప పీచు గీకివేస్తుంది, రాత్రంతా నీళ్లలో నానితే అడుగున తుప్పు పుడుతుంది. ఇనుములో వండిన పుల్లని కూరలోకి కొంత ఇనుము చేరడం నిజమే గాని, రక్తహీనతకు అది చికిత్సకు బదులు కాజాలదు.

ఇత్తడి రాగి, తుత్తునాగాల మిశ్రమం. పులుపు తగిలితే రాగి కరిగి చిలుము పడుతుంది, అటువంటి ఆహారం వల్ల వాంతులు, కడుపునొప్పి కలుగుతాయి. పూర్వం నుంచి కళాయి వేయించడం ఇందుకోసమే. గిన్నెను కాచి, నవాసారంతో లోపలి మలినాన్ని పోగొట్టి, కరిగిన తగరాన్ని దూదితో అంతటా పూయడమే కళాయి. తగరం 232 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగిపోతుంది కనుక, కళాయి గిన్నెను ఖాళీగా మంట మీద పెట్టడం గాని, అందులో పోపు వేయించడం గాని తగదు. బయటివైపు చింతపండుతో ఎంత తోమినా నష్టం లేదు, లోపలివైపు మెత్తని గుడ్డ మాత్రమే వాడాలి. లోపల పసుపురంగు లోహం తొంగిచూసిన నాడు మళ్లీ కళాయి వేయించాలి, సీసం కలపని తగరమే వాడమని ఆ పనివానికి చెప్పాలి.

సత్తు గిన్నె, సిల్వరు గిన్నె అని వ్యవహరించే అల్యూమినియం పాత్ర మీద గాలి తగలగానే పలుచని ఆక్సైడు దానంతటదే ఏర్పడుతుంది. ఆ ఆక్సైడు ఆమ్లానికీ కరుగుతుంది, క్షారానికీ కరుగుతుంది, కనుక చారు, పులుసు అందులో నిలవ ఉంచకూడదు, సోడాతో తోమకూడదు. హార్డ్ అనొడైజ్డ్ పాత్రలంటే అదే ఆక్సైడును విద్యుత్తు సాయంతో మందంగా పెంచినవి. స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉండటం వల్ల దాని ఆక్సైడు గీసుకుపోయినా గాలిలో మళ్లీ తనంతట తానే ఏర్పడుతుంది. పెద్దగా జాగ్రత్త కోరని పాత్రగా స్టీలుకు ఆదరణ రావడానికి ఇదే కారణం. చల్లటి నీటిలో ఉప్పు వేసి వదిలేస్తే అడుగున చిన్న గుంటలు పడతాయి గనుక నీరు కాగిన తరువాతే ఉప్పు వేయాలి. స్టీలు వేడిని సమానంగా పంచలేదు కాబట్టి పలుచని గిన్నె అడుగంటుతుంది, మందపు అడుగున్నది కొనడం మేలు. 2024లో కేంద్ర ప్రభుత్వం స్టీలు, అల్యూమినియం వంటపాత్రలకు ఐఎస్ఐ గుర్తును తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు వెలువరించింది. తుక్కు కరిగించి పోసిన గుర్తులేని పాత్రల్లో సీసం వంటి లోహాలు కలిసే అవకాశం ఉన్నందున ఆ గుర్తును చూసి కొనడం క్షేమం.

నాన్‌స్టిక్ పాత్ర మీది పూత 1938లో రసాయన శాస్త్రవేత్త రాయ్ ప్లంకెట్ అనుకోకుండా కనుగొన్న పీటీఎఫ్ఈ అనే ప్లాస్టిక్ జాతి పదార్థం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార మార్గదర్శకాలు ఇటువంటి పాత్రలను 170 డిగ్రీలకు మించి కాచరాదని హెచ్చరించాయి. మరింత తీవ్రమైన వేడికి ఆ పూత విచ్ఛిన్నమై వెలువడే ఆవిరి మనుషులకు జ్వరం వంటి లక్షణాలు తెస్తుంది, పెంపుడు పక్షులను చంపగలదు. కనుక ఖాళీ నాన్‌స్టిక్ పెనాన్ని పెద్దమంట మీద పెట్టడం, అందులో పోపు పెట్టడం మానుకుని, చెక్క గరిటెతో, నడిమి మంట మీద వాడాలి. ఆ మార్గదర్శకాలే మట్టిపాత్రలను అత్యంత సురక్షితమైనవిగా పేర్కొన్నాయి. పులుసుకు ఆంధ్రదేశంలో వాడుకలో ఉన్న రాతిపాత్ర రాచ్చిప్ప కూడా పులుపుకు లొంగని పాత్రే. అయితే మట్టి, రాయి రెండూ హఠాత్తుగా వచ్చే వేడికి పగులుతాయి కాబట్టి సన్నని సెగతో మొదలుపెట్టి, వేడి పాత్రలో చల్లనీళ్లు పోయకుండా చూసుకోవాలి. మెరుగు లేని మట్టికుండ సూక్ష్మ రంధ్రాలతో సబ్బును పీల్చుకుంటుంది, దానికి వేడినీరు, కొబ్బరిపీచు చాలు.

ఈ వివరాలన్నిటిని కలిపి చూస్తే పొరలు మూడు తరగతులుగా విడిపోతాయి. మొదటి తరగతి తమంతట తామే కోలుకునేవి. చర్మమూ, స్టీలూ ఈ కోవకు చెందుతాయి, వీటి విషయంలో చేయవలసిన పని అడ్డు రాకుండా ఉండటమే. చర్మం కొత్త పొర తెచ్చుకోవడానికి వారాల గడువు కావాలి కనుక, మంటగా ఉన్నప్పుడు కొత్త లేపనం పూయడం కంటే ఉన్నవాటిని ఆపి వేచి ఉండటం ఉత్తమం, నెలలోపు తగ్గని మచ్చకు, దురదకు చర్మవైద్యుని సలహా అవసరం. రెండవ తరగతి మనిషి చేతితో తిరిగి వచ్చేవి. ఇనుప పెనం, కళాయి గిన్నె, చిరిగిన గుడ్డ ఈ తరగతివి, వీటికి నూనె, తగరం, దారం సకాలంలో అందితే దశాబ్దాలు నడుస్తాయి. మూడవ తరగతి ఒకసారి పోతే తిరిగి రానివి. పూత ఊడిన నాన్‌స్టిక్ పెనాన్ని, పోగులన్నీ పట్టు తప్పిన పట్టుబట్టను బాగుచేయాలని ప్రయత్నించడం వ్యర్థం. కొత్త వస్తువు కొనే వేళ ధరతో పాటు అది ఈ మూడింటిలో ఏ తరగతిదో కూడా విచారించాలి. ఊరిలో కళాయి వేసేవారు లేనప్పుడు ఇత్తడి కంటే స్టీలు, సూది పట్టే తీరిక లేనప్పుడు సున్నితమైన పట్టు కంటే గట్టి నూలు సబబైన ఎంపికలు అవుతాయి.